మిరుగం ముందురోజు

మూడు నెల్లు మంచు గొట్టిన.
రామ్‌నగర్ల తెల్లారకముందే
సుత్తెతోని దిమ్మెలు పలగ్గొట్టి
ఆకివీడు లారీల బొచ్చెల మీద కప్పిన.
కండ్లు తెరిచి పండుకున్న చేపలు.
గోనెసంచుల కిందికెల్లి కారిన నీళ్ళు
నా చెప్పులల్లకు, ఆడికెల్లి మోరిలకు.
చేతివేళ్ళు చలికి మొద్దుబారుతుంటే
నెత్తి మీద రోహిణి మాడు పలగ్గొడ్తుండె.
ఈ ఊర్ల మంచు కరిగే కాలమంటే అదే.

మొన్న రెండు వానలు పడ్డయి,
దుమ్ము అణిగేంత.
బుగ్గయ్య పెద్దనాయిన ఫోన్ల ఒక్కటే మాట:
"నీళ్ళు కదిలినయి రా."

పొద్దుగాల నాలుగింటికి హిమాయత్ సాగర్.
బోర్లించిన పుట్టికి కొత్త తారు, వాసనింకా పోలే.
లేపితే ఒక తేలు,
పోయినేటి గాలపు ముల్లు, తుప్పు పట్టి.
తేలును తెడ్డుతోని అవతలికి తోసిండు,
ముల్లును రాయికి రుద్ది జేబులేసుకున్నడు.

పాలడబ్బల కప్పపిల్ల.
మూతకు మూడు బొక్కలు.
నీళ్ళు బువ్వోలె ఎచ్చగ ఉన్నయి అడుగున,
మీద మాత్రం వాన చల్లదనం, ఏలెడంత.
దూరంగ రింగు రోడ్డు లైట్లు.
శంషాబాదుకు దిగే విమానం
మా మీదికెల్లి కడుపు చూపించుకుంట పోయింది.

అప్పుడు వినవడ్డది:
గుబుక్.
కొర్రమట్ట.
దానికి నీళ్ళు సరిపోవు,
మీదికొచ్చి గాలి మింగి పోవాలె.
అదే దాని బతుకు, అదే దాని సావు,
చప్పుడైన కాడనే గాలం పడ్తది.

నాకు ఏడేండ్లప్పుడు
నాంపల్లి గ్రౌండుల, కట్టెల నడుమ లైన్ల
అమ్మ నా ముక్కు మూసింది.
ఎవరో నోట్లె ఏలు పెట్టిండ్రు.
పచ్చటి ముద్దను మోసుకుంట
కొర్రపిల్ల గొంతుల తోక కొట్టింది.
ఒకటి. రెండు. మూడు.
తర్వాత కొట్టలే.
ఉబ్బసం పోయిందా అంటే ఏం చెప్పాలె,
జేబుల పంపు ఉంది.

తుంగ పక్కన నీళ్ళు ఎర్రగ కుతకుత,
ఎసట్ల కారం పొంగినట్టు.
పిల్లలు. వందలు.
"కింద అయ్య ఉంటడు" అన్నడు పెద్దనాయిన,
"అమ్మ కంటె ఎక్కువ ఆయనే కాస్తడు."
కప్పను ఆ గుంపు మీద దించితే సాలు,
ఆకలికి కాదు, కోపానికి పట్టుకుంటది.
రెండు కిలలుంటది.
రేపు మిరుగం, అడిగినంత ధర.
పిల్లలకు సుత ధరుంది,
బకెట్లు ఎన్నైనా తెమ్మని సేటు ముందే చెప్పిండు.

గెడ ఎత్తిన.
పెద్దనాయిన తెడ్డు ఆపిండు.
తప్పనలే, ఒప్పనలే, బీడీ దేవులాడుకున్నడు.
తెడ్డు లేని పుట్టి
తన సుట్టు తాను తిరగవట్టింది.
తుంగ, కట్ట, రోడ్డు లైట్లు,
మళ్ళ తుంగ.
బీడీ పొగ కూడ మాతోనే తిరిగింది.

చేతికందేటంత దూరంల నల్లటి తల లేచింది.
నోరు తెరిచింది.
గుబుక్.
నా రొమ్ముల పిల్లి అరిచింది అప్పుడే,
పొగకో, తేమకో.
పంపు తీయాలంటే గెడ కింద పెట్టాలె.
పెట్టిన.
రెండుసార్లు పీల్చి, పది లెక్కపెట్టి,
కండ్లు తెరిసేసరికి
తుంగ మా ఎనుక, శానా ఎనుక.

"ఇంకో తావు సూద్దాం పా" అన్నడు
నీళ్ళల్ల ఉమ్మి.

తొమ్మిదింటికి మూడు జెల్లలు, ఒక పరక.
పెట్రోలుకు అయితది, ఛాయకు కాదు.
రేపు మళ్ళ సుత్తె, మళ్ళ దిమ్మె.

బండి మీద, ఒళ్ళె పాలడబ్బ.
కప్ప ఇంకా ఎగురుతనే ఉంది.
మూతకు తగులుతది,
ఒకటి, రెండు, మూడు,
ఆరాంఘర్ సిగ్నల్ కాడ
నాలుగు.